సంబంధం ఉన్న వారందరికీ: హైటెన్షన్ లైను పరిహారంలో కౌలుదారు వాటా కోసం మేము నడిచిన దారి

2021 ఫిబ్రవరిలో ఒక ఉదయం మా నాన్న తోటకు వెళ్లేసరికి కొబ్బరిచెట్ల మొదళ్ల మీద ఎర్రరంగుతో అంకెలు వేసి ఉన్నాయి. ఒకటి నుంచి ముప్పై రెండు వరకు. ఆ చెట్ల నీడలో ఉన్న కోకో మొక్కల మీద మాత్రం ఏ అంకే లేదు. అంకెలు ఎందుకు వేశారో వారం రోజుల్లో తెలిసింది. కోకో మొక్కల మీద అంకె వేయకపోవడం వల్ల మాకు ఏం జరిగిందో తేలడానికి మూడేళ్లు పట్టింది.

మాది కోనసీమలో వైనతేయ పాయకు దగ్గరగా ఉన్న గ్రామం. అమ్మా నాన్నా 2003 నుంచి సాగు చేస్తున్న ఎకరా ఇరవై సెంట్ల కొబ్బరితోట మా సొంతం కాదు. ఆసామిగారు హైదరాబాదులో స్థిరపడ్డారు. ఏటా సంక్రాంతికి వచ్చి కౌలు డబ్బు తీసుకుని వెళ్తారు. కాగితం ఎన్నడూ రాసుకోలేదు, అంతా నోటిమాట మీదే నడిచింది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ తోటలను నేలమట్టం చేసినప్పుడు ఆ భూమిలోని పాతచెట్లు కూడా పడిపోయాయి. మరుసటి ఏడాది మొక్కలు కొన్నది ఆసామిగారు. గోతులు తవ్వి, నాటి, ఎండాకాలంలో బోదె నుంచి కావిళ్లతో నీళ్లు మోసి బతికించినది అప్పట్లో అక్కడ కూలికి వెళ్లే మా నాన్న. కౌలుకు తీసుకున్న తరవాత మధ్యలో కోకో వేసినది మాత్రం పూర్తిగా మా ఖర్చుతో, మా అమ్మ డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పుతో. ఈ వివరాలన్నీ తరవాత కోర్టులో ఒక్కొక్కటిగా అడిగారు కనుక ఇక్కడే చెబుతున్నాను.

తోట మీదుగా వెళ్లబోయేది 220 కేవీ లైను. రాయలసీమలో తయారయ్యే సౌర, పవన విద్యుత్తు కోస్తాకు చేరాలంటే ఇలాంటి లైన్లు కావాలని సర్వేకు వచ్చిన ఇంజనీరు నాన్నకు ఓపికగానే వివరించారు. ఆయన చెప్పినది నిజం. బొగ్గు తగ్గించి ఎండనూ గాలినీ నమ్ముకోవాలంటే అవి దొరికే చోటి నుంచి కరెంటు వాడే చోటికి తీగ లాగక తప్పదు. మా ఇంట్లో ఎవరమూ లైను వద్దనలేదు. తుపానులో చెట్లు పోగొట్టుకున్న వాళ్లం, ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని కోసుకుపోవడం కళ్లారా చూసిన వాళ్లం, వాతావరణం మారుతోందంటే మాకు ఒకరు పాఠం చెప్పనవసరం లేదు. మేము అడిగినది ఒక్కటే: ఆ తీగ కింద ఎవరి బతుకు పోతుందో లెక్క వేసేటప్పుడు మమ్మల్ని కూడా లెక్కలో వేయమని.

ఈ స్థాయి లైనుకు సాధారణంగా 35 మీటర్ల వెడల్పున దారి వదలాలి. ఆ మేరలో ఎత్తు పెరిగే చెట్టు ఏదీ ఉండకూడదు. కొబ్బరి ఉండకూడదంటే కోకో కూడా ఉండదు, ఎందుకంటే కోకోకు కొబ్బరి నీడే ఇల్లు. మే నెలలో ముప్పై రెండు చెట్లనూ కొట్టేశారు. పడిన చెట్ల కింద సగం కోకో నలిగిపోయింది, మిగిలినది ఆ ఎండల్లోనే మాడిపోయింది. మొత్తం తొంభై నాలుగు మొక్కలు. అమ్మ వాటిని లెక్కపెట్టి, తేదీ వేసి, తన నోటుపుస్తకంలో రాసుకుంది. ఆ నోటుపుస్తకం గురించి ముందుముందు చెబుతాను.

పంచనామా ఆసామిగారి పేరుతో రాశారు. భూమి రికార్డులైన అడంగల్, వన్ బీ రెండింటిలోనూ ఆయన పేరే ఉంది కాబట్టి అందులో తప్పు పట్టడానికి లేదు. చెట్ల విలువ ఉద్యానశాఖ లెక్క ప్రకారం కట్టి, డబ్బు నేరుగా ఆయన ఖాతాలో వేశారు. నాన్న ఫోను చేసి అడిగితే ఆయన మర్యాదగానే, "చెట్లు నావే కదయ్యా, మీకు రావలసినది ఏమైనా ఉంటే కంపెనీ వాళ్లను అడగండి" అన్నారు. కంపెనీ వాళ్లను అడిగితే, భూమి యజమానికి పూర్తిగా చెల్లించేశామని, కౌలుదారు సంగతి మీరూ యజమానీ తేల్చుకోవలసినదని చెప్పారు. ఇద్దరి మాటా విడివిడిగా వింటే సబబుగానే అనిపించేది. రెండూ కలిపితే మాకు మిగిలేది సున్నా. పైగా ఆ ఏటి కౌలు ఎకరా ఇరవై సెంట్లకూ కట్టాం.

ఆరేడు నెలలు అర్జీలతో గడిచింది. ఆ తిరుగుడు గురించి ఎక్కువ రాయను. తిరిగిన ప్రతివారికీ అది తెలిసిన కథే.

నేను ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతాను. చట్టం చదివిన దానిని కాను. అయినా ఒక సహోద్యోగి భర్త వకీలు గుమాస్తా కావడం వల్ల 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నకలు చేతికి వచ్చింది. విద్యుత్ లైనుకూ టెలిగ్రాఫ్ చట్టానికీ సంబంధం ఏమిటని మొదట నాకూ అర్థం కాలేదు. 2003 విద్యుత్ చట్టంలోని 164వ సెక్షను కింద ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే, లైను వేసే సంస్థకు పాత టెలిగ్రాఫ్ అధికారులకు ఉన్న అధికారాలే వస్తాయి. భూమిని సేకరించరు, వాడుకుంటారు. యజమాని అనుమతి కూడా అవసరం లేదని సుప్రీంకోర్టు చెప్పింది. భూమిని సేకరించడం లేదు కాబట్టి 2013 భూసేకరణ చట్టం వర్తించదు. ఇది మాకు పెద్ద దెబ్బ. ఎందుకంటే ఆ చట్టం కౌలుదారులను, పాలికాపులను, మూడేళ్లుగా అక్కడే పనిచేసి బతుకుతున్న వ్యవసాయ కూలీలను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తిస్తుంది. అదే భూమిలో కాలువ తవ్వి ఉంటే మాకు ఒక పేరు ఉండేది. పైనుంచి తీగ వెళ్లింది కనుక పేరు లేకుండా పోయింది.

అయితే ఆ పాత చట్టంలోనే, పదో సెక్షను చివర, ఒక మాట ఉంది. అధికారి వీలైనంత తక్కువ నష్టం కలిగించాలి, కలిగిన నష్టానికి "సంబంధం ఉన్న వారందరికీ పూర్తి పరిహారం" చెల్లించాలి. యజమానికి అని లేదు. సంబంధం ఉన్న వారందరికీ అని ఉంది. నూట ముప్పై ఏళ్లకు పైబడిన ఆ వాక్యాన్ని ఆ రాత్రి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఇంకొంచెం ముందుకు పోతే పదహారో సెక్షను: పరిహారం చాలలేదన్న తగాదా వస్తే జిల్లా జడ్జి తేల్చాలి, పరిహారం ఎవరికి చెందాలి, సంబంధం ఉన్న వారి మధ్య ఏ నిష్పత్తిలో పంచాలి అన్న తగాదా వస్తే అదీ జిల్లా జడ్జే తేల్చాలి. అంతేకాదు, ఒకరికి చెల్లించేసిన పరిహారంలో తన వాటాను, పుచ్చుకున్న వారి నుంచి దావా వేసి రాబట్టుకునే హక్కు మరొకరికి ఉంటుందని కూడా అందులో స్పష్టంగా రాసి ఉంది. మూడు ఆఫీసులలో మాకు ఎవరూ చెప్పని మాట ఇది.

న్యాయవాదికి ఇచ్చే స్థోమత లేదు. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలి. అందువల్ల పిటిషను అమ్మ పేరుతో వేయాలని నిర్ణయించాం. ఇది ఎత్తుగడ కాదు. పంట సాగుదారు కార్డు కూడా అమ్మ పేరు మీదే ఉంది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే ఆ కార్డు పదకొండు నెలలకే చెల్లుతుంది, పైగా భూమి యజమాని సంతకం లేనిదే రాదు. మా ఆసామిగారు రెండేళ్లు సంతకం పెట్టారు. ఆ కార్డు భూమి మీద ఎలాంటి హక్కూ ఇవ్వదని అదే చట్టం చెబుతుంది కూడా. మా ఊళ్లో కౌలుకు చేసేవారిలో చాలామందికి అదైనా లేదు, సంతకం పెడితే భూమి పోతుందన్న భయం ఆసాముల్లో ఇంకా పోలేదు. మాకు ఆ రెండు కార్డులు లేకపోతే కేసు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేది.

న్యాయసహాయ ప్యానెల్ నుంచి మాకు కేటాయించిన న్యాయవాది నాకంటే రెండేళ్లు చిన్నది. మొదటి రోజే ఆమె అమ్మను అడిగినది, "అమ్మా, ఆ తోటలో మీరు ఉన్నారని చెప్పే కాగితం ఏదైనా సరే, చిన్న చీటీ ముక్కైనా సరే, ఇంట్లో ఉన్నవన్నీ తీసుకురండి" అని. మర్నాడు అమ్మ ఒక బియ్యం సంచి నిండా తెచ్చింది. ఈ-క్రాప్ నమోదు రసీదులు, అంబాజీపేట వ్యాపారి ఇచ్చిన కాయల చీటీలు, ఎండబెట్టిన కోకో గింజలు కొన్నవారి తూకం రసీదులు, డ్వాక్రా అప్పు పుస్తకం, వాటితో పాటు ఆ నోటుపుస్తకం. అందులో పదకొండేళ్ల దింపుల, అంటే చెట్టెక్కి కాయలు దించిన ప్రతిసారి, లెక్క ఉంది. ఏడాదికి ఆరేడు దింపులు. ప్రతి దింపుకూ తేదీ, ఎక్కిన చెట్లు, దిగిన కాయలు, దింపు కార్మికుడి పేరు, అతనికి ఇచ్చిన కూలి. అమ్మ ఐదో తరగతితో చదువు ఆపింది. అక్షరాలు పెద్దవిగా, వంకరగా ఉంటాయి, కానీ ఒక్క దింపు కూడా తప్పిపోలేదు. న్యాయవాది ఆ పుస్తకాన్ని చాలాసేపు తిరగేసి, "ఇదే మన కేసు" అంది.

పిటిషను 2022 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరం జిల్లా కోర్టులో దాఖలైంది. ఎదుటి పక్షాలు రెండు: లైను వేసిన సంస్థ, ఆసామిగారు. ఆయన మీద కోర్టుకు వెళ్లడానికి నాన్న చాలారోజులు ఒప్పుకోలేదు. పాతికేళ్ల పరిచయం, పైగా వచ్చే ఏడు కౌలు తీసేస్తే ఏం చేస్తామన్న భయం. డబ్బు పుచ్చుకున్న వారిని పక్షంగా చేర్చకపోతే కోర్టు నిష్పత్తి తేల్చలేదని న్యాయవాది నచ్చజెప్పింది. నోటీసు వెళ్లే ముందు రోజు నాన్న స్వయంగా ఫోను చేసి, "బాబుగారూ, కాగితం వస్తాదండి, కోపం పెట్టుకోకండి" అని చెప్పుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కోనసీమ వేరే జిల్లా అయింది, రికార్డుల కోసం అంతదాకా కాకినాడ వెళ్లవలసిన మేము అమలాపురం వెళ్లడం మొదలుపెట్టాం. కేసు మాత్రం కొన్ని నెలలు రాజమహేంద్రవరంలోనే నడిచి, తరవాత అమలాపురంలోని అదనపు జిల్లా కోర్టుకు బదిలీ అయింది. రాజమహేంద్రవరం వాయిదాకు వెళ్లిన ప్రతిసారీ బస్సు జొన్నాడ దగ్గర గౌతమి దాటి కడియపులంక నర్సరీల మీదుగా పోతుంటే అమ్మ కిటికీలోంచి కోకో మొక్కలు కనబడతాయేమోనని వెతుక్కునేది.

సంస్థ కోర్టుకు ఇచ్చిన జవాబులో (కౌంటరులో) చెప్పినది స్థూలంగా ఇది: లైను దేశ ప్రయోజనం కోసం, కాలుష్యం లేని విద్యుత్తు కోసం, ఆలస్యమైతే ప్రజలకు నష్టం, పరిహారం నిబంధనల ప్రకారం యజమానికి చెల్లించాం, కౌలుదారుకు ఆస్తిలో సంబంధం లేదు. మా న్యాయవాది మొదటి రెండింటినీ కాదనలేదు. లైను ఆపమని మేము అడగనే లేదని ప్రత్యేకంగా రాసింది. ఆమె ఆధారపడినది కేరళ విద్యుత్ బోర్డు కేసులో 2007లో సుప్రీంకోర్టు ఇచ్చిన లివిషా తీర్పు మీద. భూమి ఎక్కడ ఉంది, తీగ ఎంత దూరంలో ఉంది, అంచు నుంచి పోతోందా, నడిమధ్య నుంచి పోతోందా అన్నవి చూసి ప్రతి కేసులోనూ నష్టాన్ని విడిగా లెక్కకట్టాలని ఆ తీర్పు చెబుతుంది. ఒకే సూత్రం అందరికీ అంటగట్టకూడదంటే, ఆ నష్టం ఎవరెవరి మీద పడిందో కూడా చూడాలి కదా అన్నది ఆమె వాదన.

2023 ఆగస్టులో అమ్మను బోనులో నిలబెట్టారు. ఆ గంటసేపు నేను గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాను. సంస్థ తరఫు న్యాయవాది పెద్దవారు, గొంతు పెంచకుండానే అడిగారు.

"ఆ భూమి మీ పేరున ఉందా?"

"లేదండి."

"కొబ్బరి మొక్కలు మీరు కొన్నారా?"

"లేదండి. బాబుగారు కొన్నారండి. నాటింది మా ఆయనండి."

"అంటే చెట్లు మీవి కావు."

అమ్మ ఒక్క క్షణం ఆగింది. "చెట్టు బాబుగారిదేనండి. కాయ మాదండి. చెట్టు పోయిందని బాబుగారికి డబ్బు వచ్చిందండి. మరి కాయ పోయిన డబ్బు ఎవరికి వచ్చిందండి?"

సాక్షులు ప్రశ్నలు అడగకూడదని ఆయన మృదువుగానే వారించారు. న్యాయమూర్తి మాత్రం ఆ జవాబును పూర్తిగా నమోదు చేయించారు. తరవాత వాంగ్మూలం చదివి వినిపించినప్పుడు, "చెట్టు యజమానిది, ఫలసాయం కౌలుదారుది" అన్న వాక్యం అందులో ఉంది. ఆ తేడాను నేను అప్పటిదాకా ఎన్ని అర్జీలలో ఎన్ని విధాలుగా రాసినా అంత సూటిగా చెప్పలేకపోయాను.

రెండో సాక్షి మా దింపు కార్మికుడు. నోటుపుస్తకంలో ప్రతి పేజీలోనూ ఉన్న పేరు అతనిదే. ఏ చెట్టు ఎన్ని కాయలు ఇచ్చేదో, కోకో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండేదో అతను తడుముకోకుండా చెప్పాడు. ఆ తరవాత కోర్టు నియమించిన అడ్వకేట్ కమిషనరు తోటకు వచ్చి, మొదళ్లు లెక్కపెట్టి, ఎండిన కోకో మోళ్లను ఫోటోలు తీసి నివేదిక ఇచ్చారు. పంచనామాలో లేని తొంభై నాలుగు మొక్కలు కాగితం మీదికి ఎక్కినది ఆ రోజే.

కేసు నడుస్తున్న కాలంలో వేరే దేశాల సంగతులు కూడా చదివాను. నార్వేలో ఫోసెన్ అనే చోట 151 గాలిమరలు పెట్టారు. అది సామీ అనే ఆదివాసీ ప్రజలు శీతకాలంలో రెయిన్‌డీర్ మందలను మేపుకునే నేల. 2021 అక్టోబరులో ఆ దేశ సుప్రీంకోర్టు పదకొండుమంది న్యాయమూర్తులూ ఒకే మాటగా, ఆ అనుమతులు సామీల సంస్కృతి హక్కును ఉల్లంఘించాయని తీర్పు చెప్పారు. అయినా మరలు తిరుగుతూనే ఉన్నాయి; తీర్పు వచ్చి 500 రోజులైనా ఏమీ మారలేదని 2023లో సామీ యువత మంత్రిత్వ శాఖల గుమ్మాల ముందు కూర్చున్నారు; ఆ తరవాతే ఒప్పందాలు కుదిరాయి. వాళ్ల హక్కూ మా హక్కూ ఒకటి కావు, పోలిక పెట్టడం నా ఉద్దేశం కాదు. కాని గాలిమర మంచిదే అయినప్పుడు కూడా, అది ఎవరి మేత నేల మీద లేచిందని అడగడం అభివృద్ధికి అడ్డుపడటం కాదని ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం గుర్తించిందన్న సంగతి, వాయిదాలతో అలసిపోయిన మాకు ఎంతో ధైర్యం ఇచ్చింది.

2024 మార్చి లోక్ అదాలత్‌కు కేసును పంపుదామన్న ప్రతిపాదన ఆసామిగారి నుంచే వచ్చింది. కమిషనరు నివేదిక చదివిన తరవాత ఆయన మనసు మారిందని అనుకుంటున్నాను. అక్కడ కుదిరినది ఇది: కోకో మొక్కల విలువను ఉద్యానశాఖ మదింపు ప్రకారం సంస్థ నేరుగా అమ్మ ఖాతాలో వేస్తుంది, కొబ్బరి పరిహారంలో మూడో వంతు ఆసామిగారు అమ్మకు ఇస్తారు, తీగ కింది నేల మేరకు కౌలు తగ్గిస్తారు. ఆ రాజీ ఉత్తర్వుకు (అవార్డుకు) కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంది, దాని మీద అప్పీలు లేదు. మా న్యాయవాదికి మాత్రం సంతోషం సగమే. తీర్పు వచ్చి ఉంటే, కౌలుదారు "సంబంధం ఉన్న" వ్యక్తేనని ఒక న్యాయస్థానం రాసి ఉండేది. రాజీ కుదిరింది కనుక పక్క ఊరి కౌలుదారు మళ్లీ మొదటినుంచి నిరూపించుకోవాలి. ఆమె మాటలో నిజం ఉంది. కాని వచ్చే దింపుకు అప్పు తెచ్చుకోవలసిన ఇంట్లో ఇంకో నాలుగేళ్లు ఆగమని అమ్మకు చెప్పే నోరు నాకు లేకపోయింది.

అదే నెలలో సుప్రీంకోర్టు, కరెంటు తీగలకు తగిలి చనిపోతున్న అరుదైన పక్షి బట్టమేక పిట్ట కేసులో, రాజస్థాన్, గుజరాత్‌లలో విద్యుత్ లైన్లను భూగర్భంలో వేయాలన్న తన 2021 నాటి ఉత్తర్వును సవరిస్తూ, వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద పౌరుల హక్కేనని చెప్పింది. ఆ తీర్పు చదివి నేను సంతోషించాను. సమానత్వాన్ని చెప్పే 14వ అధికరణం అందులో ఉంది కాబట్టి, ఆ రక్షణ కోసం వేసే లైన్ల భారం కూడా సమానంగా పంచాలన్న వాదనకు ఒకనాడు అక్కడే చోటు దొరుకుతుందని నమ్ముతున్నాను. జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ పరిహారం మీద కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది: టవరు అడుగు నేలకు భూమి విలువలో 200 శాతం, తీగ కింది దారికి 30 శాతం. 2015లో ఇవి 85 శాతం, గరిష్ఠంగా 15 శాతంగా ఉండేవి. పెంపు మంచిదే. కాని ఈ లెక్కకూ కొలమానం భూమి విలువే, భూమి విలువ భూమి ఉన్నవారికే చేరుతుంది.

డబ్బు మే నెలలో ఖాతాలో పడింది. తీగ కింద ఇప్పుడు కంద వేశాం. అమ్మ నోటుపుస్తకం కోర్టు నుంచి తిరిగి వచ్చింది, అట్ట మీద ఎగ్జిబిట్ ముద్రతో.

పుస్తకం తెచ్చుకున్న రోజు సాయంత్రం దింపు కార్మికుడు ఇంటికి వచ్చాడు. మా ఊళ్లో ఆ లైను కింద పోయిన చెట్లన్నీ అతను ఎక్కినవే. ఒక్క మా తోటలోనే ముప్పై రెండు, మిగతా తోటలు కలిపితే రెండు వందలకు పైనే. అరుగు మీద కూర్చుని, "అమ్మగారూ, సాక్షి చెప్పినందుకు బత్తా ఇచ్చారండి. మరి నా చెట్లకండి?" అని అడిగాడు. అమ్మ నా వైపు చూసింది. నేను మర్నాడు న్యాయవాదిని అడిగాను. చెట్టు ఎక్కే పని ఆస్తిలో సంబంధం కిందికి వస్తుందని వాదించడం కష్టమని, కాని అడగకుండా ఉండటానికి అది కారణం కాదని ఆమె చెప్పింది. న్యాయసేవాధికార సంస్థకు అతని పేరుతో ఒక అర్జీ రాశాను. నోటుపుస్తకంలోంచి పదకొండేళ్ల దింపులూ కూలీ లెక్క తీసి జతచేశాం. సంతకం చోట అతను వేలిముద్ర వేశాడు. వాయిదా వచ్చే నెల పదిహేడున.